నడిచేవారి సెకండ్లు

2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణ ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో స్త్రీలకు ఉచిత ప్రయాణం వచ్చింది. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల నుంచి కూలికీ, ఆసుపత్రికీ హైదరాబాద్ వచ్చే స్త్రీలకు ఇది నిజమైన మేలు. కానీ బస్సు దిగాక రోడ్డు దాటాలి. అక్కడి సిగ్నల్ ఎవరి కోసం?

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నడిచే మనిషి వేగాన్ని సెకనుకు 1.2 మీటర్లుగా లెక్కిస్తుంది. ఆ లెక్కన 30 మీటర్ల రోడ్డుకు 25 సెకండ్లు చాలు. చంకలో బిడ్డ, నెత్తిన మూటతో సెకనుకు 0.8 మీటర్లే నడవగలిగిన స్త్రీకి 37 సెకండ్లు దాటుతుంది. మిగిలిన ఆ 12 సెకండ్లూ ఆమె కదిలే వాహనాల మధ్యే. ఈ 'సగటు మనిషి' ఖాళీ చేతులతో నడిచే ఆరోగ్యవంతుడైన మగవాడేనని నేనంటాను.

ఎల్.బి.నగర్‌లో ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌లు కట్టి 'సిగ్నల్ రహిత' కూడలి అన్నారు. వాహనాలు ఆగని చోట నడిచేవారు దాటేదెప్పుడు?

ఫుట్‌పాత్‌పై నడిచే హక్కు 21వ అధికరణంలో భాగమని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ హక్కు ఫుట్‌పాత్ అంచున ఆగిపోకూడదు. అందరికన్నా నెమ్మదిగా నడిచేవారిని బట్టే సిగ్నల్ సమయం నిర్ణయించాలని మనం అడగాలి.