కొలువుకి లోపం.. బీమాకి సోకు!

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు తెలుగు కుర్రాళ్లకి సైన్యం అంటే మోజెక్కువ. చుట్టరికాలన్నీ శ్రీకాకుళం జిల్లాతో.. పండక్కి సెలవు మీద వచ్చే జవాను లేని ఊరు అక్కడ తక్కువ. 2022లో అగ్నిపథ్ వచ్చినప్పుడు కనీస వయసు పదిహేడున్నరగా పెట్టారు. 2023 నుంచి ఎంపిక పద్ధతీ మారింది. ముందు ఆన్‌లైన్ రాత పరీక్ష, తర్వాత ర్యాలీలో 1.6 కిలోమీటర్ల పరుగు, అన్నీ నెగ్గాక వైద్య పరీక్ష. అంటే చదివి, పరిగెత్తి గట్టెక్కిన కుర్రాడు ఆఖరి మెట్టు మీద చొక్కా విప్పాలి. అక్కడ కొందరి చీటీలో పడే మాట.. గైనకోమాస్టియా. మన మాటల్లో చెప్పాలంటే మగవాడికి రొమ్ము పెరగడం. సైన్యంలోనే కాదు, కేంద్ర సాయుధ బలగాల నియామకాల్లోనూ అనర్హతకి దారితీసే అంశాల్లో ఇదొకటి.

అదే కుర్రాడు ఆపరేషన్ చేయించుకుందామని ఆరోగ్య బీమా కాగితాలు పట్టుకెళితే ఏమవుతుంది? బీమా నియంత్రణ సంస్థ 2019లో అన్ని కంపెనీలకీ ఒకే తీరు మినహాయింపులు ఖరారు చేసింది. అందులో కాస్మెటిక్, ప్లాస్టిక్ సర్జరీ ఒకటి. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత సరిచేసుకోవడానికైతే డబ్బిస్తారు. లేదా ఒంటికి నేరుగా, తక్షణం ముప్పు ఉందని వైద్యుడు రాసివ్వాలి. పదిహేడేళ్ల కుర్రాడి ఛాతీలో గడ్డ వల్ల తక్షణ ముప్పేముంది? కాబట్టి సోకు కోసమన్నట్టే లెక్క!

జీఎస్టీ దారి ఇంకోటి. వైద్యానికి పన్ను లేదు గానీ కాస్మెటిక్, ప్లాస్టిక్ సర్జరీకి ఉంది. పుట్టుకతో వచ్చిన లోపం, ఎదుగుదలలో వచ్చిన తేడా, గాయం.. వీటిని సరిచేసే సర్జరీకి మాత్రం మళ్లీ మినహాయింపు. ఈడు వచ్చే వేళ పెరిగిన గడ్డ ఎదుగుదలలో తేడా కాదా? అవునని ఆసుపత్రి రాస్తే పన్ను లేదు, కాదంటే ఉంది. ఒకే గడ్డ.. కొలువుకి లోపం, బీమాకి సోకు, పన్నుకి బిల్లు రాసేవాడి ఇష్టం. ఉద్యోగానికి అడ్డొచ్చేంత లోపమైనప్పుడు వైద్యానికి డబ్బివ్వాల్సి వచ్చేసరికి అది అందం కోసమని ఎలా అంటారో అర్థం కాదు.

ఈ సందులోకే ప్రకటనలు దూరాయి. విశాఖ, భువనేశ్వర్ క్లినిక్కుల బొమ్మలు ఫోన్లోకి వస్తున్నాయి. ‘ముందు-తర్వాత’ ఫొటోలు, లేజర్ అన్న మాట, నెలసరి వాయిదాలు, పొద్దున చేరితే సాయంత్రానికి ఇంటికి! ఆపరేషన్ చెడ్డదని కాదు. క్రీస్తు శకం ఏడో శతాబ్దంలోనే ఏజినా ద్వీపపు వైద్యుడు పాల్ దీని కోతను వివరించాడు. అంత పాతది. చిక్కల్లా, గడ్డ ఎందుకొచ్చిందో తేల్చకుండానే కత్తి పట్టడంతో.

కొవ్వా? గ్రంథా?

ముందు తేల్చాల్సింది ఇదే. వెల్లకిలా పడుకోబెట్టి, బొటనవేలు, చూపుడువేలుతో రెండు వైపుల నుంచీ చనుమొన దగ్గరికి నొక్కుకుంటూ వస్తారు. చనుమొన కిందే రబ్బరు బిళ్లలా గట్టిగా తగిలితే గ్రంథి. ఏమీ అడ్డు తగలకుండా వేళ్లు కలిసిపోతే ఉత్త కొవ్వు, బరువు తగ్గితే చాలావరకు తగ్గుతుంది. దీనికి యంత్రం అక్కర్లేదు, తెలిసిన చేయి చాలు.

గ్రంథే అయినా కంగారు పడక్కర్లేదు. పదమూడు, పద్నాలుగేళ్ల వయసులో సగం మంది మగపిల్లలకి ఎంతో కొంత వస్తుంది. టెస్టోస్టిరాన్ పూర్తిగా పుంజుకునేలోగా ఈస్ట్రోజన్‌ది పైచేయి అవుతుంది. ఆరు నెలల నుంచి రెండేళ్లలో ఎక్కువ మందికి దానంతటదే కరిగిపోతుంది. ఎనిమిదో తరగతి పిల్లాణ్ని ఆపరేషన్ బల్ల ఎక్కించే తల్లిదండ్రులు ఈ మాట వినాలి. అయితే రెండేళ్లు దాటినా, పదిహేడు దాటినా మిగిలిపోయిందంటే అది నారగట్టిపోయినట్టే. ఇక మందులకి లొంగదు. టామోక్సిఫెన్ లాంటివి కొత్తగా, నొప్పితో ఉన్నప్పుడే పనిచేస్తాయి, అవీ వైద్యుడి కనుసన్నల్లోనే. ర్యాలీ వయసూ, గడ్డ ఇక పోదని తేలే వయసూ ఒకటే కావడం మన కుర్రాళ్ల ఖర్మ.

పెద్దవాళ్ల సంగతి వేరు. యాభై దాటాక మళ్లీ వస్తుంది. అప్పుడు మందుల సంచీ ముందు పెట్టాలి. గుండె జబ్బుకీ, పొట్టలో నీరు తగ్గడానికీ ఇచ్చే స్పైరనోలాక్టోన్, కడుపు మంటకి పాత మందు సిమెటిడిన్, ప్రోస్టేట్ మందులు, మానసిక వైద్యంలో వాడే రిస్పెరిడోన్, హెచ్ఐవీకి ఎఫావిరెంజ్.. వీటన్నిటికీ ఆ గుణం ఉంది. అలాగని మీ అంతట మీరు మానేయొద్దు, రాసిన వైద్యుడితోనే మార్పించుకోవాలి. సారా తాగి కాలేయం పాడైనా, కిడ్నీలు చెడినా, థైరాయిడ్ ఎక్కువైనా ఛాతీ మీదే బయటపడొచ్చు. జిమ్ముల్లో కండ కోసం గుచ్చించుకునే స్టెరాయిడ్లదీ ఇదే కథ. ఒంట్లోకి వెళ్లిన మగ హార్మోనులో కొంత ఆడ హార్మోనుగా మారుతుంది. కండ కోసం వెళ్లి ఇది తెచ్చుకున్నట్టు!

అసలు భయం ఇంకోచోట ఉంది. వృషణాల్లో గడ్డ ఉన్నా మొదటి ఆనవాలు ఛాతీ మీద కనిపించవచ్చు. అందుకే మంచి వైద్యుడు కిందిదాకా పరీక్షిస్తాడు. సిగ్గుపడకండి. ఆ పరీక్ష చేయకుండా ఆపరేషన్ తేదీ ఇచ్చేస్తే లేచి వచ్చేయడమే మేలు. అవసరాన్ని బట్టి రక్తంలో టెస్టోస్టిరాన్, ఎల్‌హెచ్, ఈస్ట్రడయోల్, హెచ్‌సీజీ, ప్రోలాక్టిన్, థైరాయిడ్, కాలేయం, కిడ్నీ పరీక్షలు రాస్తారు. గడ్డ ఒకవైపే, చనుమొనకి పక్కగా, రాయిలా ఉన్నా.. నెత్తురు కారినా, చర్మం లోపలికి లాగినా, చంకలో బిళ్ల తగిలినా క్యాన్సర్ అనుమానించాలి. రొమ్ము క్యాన్సర్లలో మగవాళ్లవి వందకి ఒకటో, ఇంకా తక్కువో. కానీ మనకి కాదులే అని చూపించుకోకపోవడంతో ముదిరాకే బయటపడుతున్నాయి.

ఇంత చెప్పుకోవాలంటే భాష కూడా కావాలి. బరంపురం ఎంకేసీజీ ఆసుపత్రి ఓపీలో ఒడియాలో చెప్పలేక, పక్కన నలుగురుండగా తెలుగులో నోరు విప్పలేక వెనక్కొచ్చే రకం జబ్బిది. ఎప్పటి నుంచి ఉంది, నొప్పి ఉందా, ఏ మందులు వాడుతున్నారు.. ఈ మూడూ చీటీ మీద రాసుకెళితే సగం పని అయినట్టే.

కోత మాటకొస్తే..

గ్రంథి ఉంటే కొవ్వు లాగేసే లైపోసక్షన్ ఒక్కటే చాలదు. చనుమొన చుట్టూ ఉన్న నల్లటి వలయం అంచున అర్ధచంద్రాకారంలో కోసి బిళ్లను తీస్తారు. కొవ్వూ ఉంటే రెండూ కలిపి చేస్తారు. బాగా జారిన ఛాతీకి చర్మం కూడా తీయాలి, మచ్చ పెద్దదవుతుంది. పూర్తిగా గీకేస్తే చనుమొన గుంటలా లోపలికి పడుతుంది, అందుకే కింద పలచగా కొంత వదిలేస్తారు. నెత్తురు గూడుకట్టడం, నీరు చేరడం, స్పర్శ తగ్గడం, రెండు వైపులా సమానంగా రాకపోవడం ఉన్నవే. బిగుతు బనీను కొన్ని వారాలు వేసుకోవాలి. కాబట్టి వచ్చే నెల ర్యాలీ ఉందని ఈ నెల కోయించుకోవడం పనికిరాదు. గాయం పూర్తిగా మానాలి. అనర్హుడని రాసినా తిరిగి వైద్య పరీక్ష కోరే వీలుంటుంది, ఆ గడువు మాత్రం దాటనివ్వొద్దు.

డబ్బుల దారి చూస్తే.. ఒడిశా 2025లో ఆయుష్మాన్ భారత్‌లో చేరింది. కార్డు ఉంటే పొరుగు రాష్ట్రంలోని జాబితా ఆసుపత్రులకీ వెళ్లొచ్చు. ఈ ఆపరేషన్‌కి వర్తిస్తుందో లేదో చేరే ముందే అక్కడి ఆరోగ్యమిత్రతో తేల్చుకోవాలి. ప్రైవేటు బీమా వాళ్లు కాదంటే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదివ్వాలి. నెలలో జవాబు రాకున్నా, నచ్చకున్నా బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు, రుసుము లేదు. మనకి భువనేశ్వర్, యానాం వాళ్లకి హైదరాబాద్. అక్కడ మాటలు చెల్లవు, కాగితాలే చెల్లుతాయి. తీసిన గడ్డను ప్రయోగశాలకి పంపమని ముందే అడగండి. అది కొవ్వు కాదు, గ్రంథి అని రాసిన ఆ నివేదికతో పాటు అనర్హత చీటీ నకలు కూడా దాచుకోండి.