రవ్వ అక్షరాలు, గంప మాటలు

‘మేం చదివింది తెలుగు బడిలో. పిల్లాడిదేమో ఇంగ్లీషు మీడియం. పక్కన కూచోబెట్టుకుని ఏం చెప్పగలం?’ ఈ బెంగ బనగానపల్లె తల్లులకే కాదు, ఊరూరా ఉన్నదే. 2020-21లో మన ప్రభుత్వ బడులకి ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు ఉన్న పుస్తకాలొచ్చాయి. మంచిదే. కానీ నాలుగైదేళ్ల పిల్లలకి పుస్తకం కంటే ముందు చేతికో వస్తువు కావాలి. ఆ పని మీరు చెయ్యగలరు.

టిన్ను, పిన్ను, ట్యాపు, ప్యాను... ఇవన్నీ మీరు రోజూ అనే మాటలే కదా! ఈ నాలుగింటికీ కలిపి కావలసినవి ఐదే అక్షరాలు: టి, ఐ, ఎన్, పి, ఎ. వాటితో మొదలుపెట్టండి.

కావలసినవి: పాత పెళ్లిపత్రికల అట్టలు 5, మైదాపిండి 2 చెంచాలు, బొంబాయి రవ్వ గుప్పెడు.

చేసే విధానం: మైదాని నీళ్లలో కలిపి, ఉడికించి జిగురు చేసుకోండి. ఒక్కో అట్టమీద జిగురుతో ఒక్కో అక్షరం పెద్దగా రాసి, పైన రవ్వ చల్లి ఆరబెట్టండి. పుస్తకాల్లో ఎక్కువగా కనిపించేవి చిన్న అక్షరాలు కనుక ముందు అవే రాయండి. పిల్లాడి వేలు పట్టుకుని, రాసే వరసలోనే రవ్వమీద తిప్పించండి. 1939లో మద్రాసు అడయారుకొచ్చి టీచర్లకి శిక్షణ ఇచ్చిన మరియా మాంటిసోరి పద్ధతిలోని గరుకు కాగితం అక్షరాలకి ఇది మన వంటింటి రూపం.

వేలు తిప్పేటప్పుడు అక్షరం పేరు కాదు, శబ్దం చెప్పండి. ‘పి, ఐ, ఎన్’ అని బట్టీ పట్టిస్తే పిన్ను పలకదు. ‘ప్, ఇ, న్’ అని దగ్గర దగ్గరగా అనిపిస్తే దానంతటదే వస్తుంది. వెంటనే పిన్నీసు చూపించండి. ఇంకో పూట టిన్ను.

మీ ఇంట్లో నాపబండలు పరిచి ఉంటే ఇంకా మేలు. బండకో అక్షరం సుద్దతో రాసి, మీరు శబ్దం చెప్పగానే దానిమీదికి గెంతమనండి. తొక్కుడుబిళ్ల ఆడినట్టే ఉంటుంది.

మామిడికాయల కాలంలో గంప దగ్గరే మరో ఆట. కాయ గంపలో పెడితే ‘ఇన్’, బోర్లించిన గంపమీద పెడితే ‘ఆన్’, కింద దాస్తే ‘అండర్’. పెద్దకాయ ‘బిగ్’, చిన్నకాయ ‘స్మాల్’. పిల్లాడే పెట్టాలి, పిల్లాడే చెప్పాలి. అర్థం కాకపోతే తెలుగులో చెప్పండి, తప్పేం లేదు.

మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ వాళ్లు పల్లెబడుల కోసం కార్డులతో పాఠాలు తయారుచేశారు. ఆ పద్ధతిలో ఎవరి వేగంలో వాళ్లు ముందుకెళతారు. మీరూ అంతే, పక్కింటి పాపతో పోల్చకండి. రోజుకి పది నిమిషాలు చాలు. విసుక్కుంటే ఆపెయ్యండి. ఇంట్లో మూడేళ్లలోపు వాళ్లుంటే పిన్నీసులు, గింజలు అందనివ్వకండి.

బడిలో కొత్తమాట నేర్చుకొచ్చిన రోజున, ‘నాకూ చెప్పు నాయనా’ అని అడగండి. అమ్మకి నేర్పిన మాట వాడు తొందరగా మరిచిపోడు.