పదింట ఒకటి ఎవరి లెక్కలోకీ రాదా?

విదేశీ పెంపుడు జీవాల మీద చర్చ ఎప్పుడు మొదలైనా మకావ్ చిలుకలు, ఇగ్వానాలు, బాల్ పైథాన్ల చుట్టూనే తిరుగుతుంది. అంతరించిపోతున్న జాతా కాదా, కాగితాలున్నాయా లేవా... అంతటితో సరి. నగరాల్లో చడీచప్పుడూ లేకుండా అమ్ముడవుతున్న ఆఫ్రికన్ పిగ్మీ హెడ్జ్‌హాగ్ ఊసే ఉండదు. ఆ జాతికి ముప్పేమీ లేదు కాబట్టి పెంచుకుంటే తప్పేముందన్నది అమ్మేవాళ్ల వాదన. చట్టం చేసినవాళ్లూ అదే నమ్మినట్టున్నారు.

ఇద్దరికీ పట్టని లెక్క ఒకటుంది. ఉత్తర అమెరికాలోని పెంపుడు హెడ్జ్‌హాగుల్లో దాదాపు పది శాతానికి ‘వాబ్లీ హెడ్జ్‌హాగ్ సిండ్రోమ్’ అనే నరాల జబ్బు వస్తోందని పశువైద్యుల అంచనా. అంటే పదింట ఒకటి.

ఇది ఎక్కువగా రెండేళ్లు నిండకముందే బయటపడుతుంది. బెదిరితే ముళ్లన్నీ బయటికి పెట్టి బంతిలా చుట్టుకోవడం ఈ జీవికి పుట్టుకతో వచ్చిన రక్షణ. జబ్బు పడితే అది సరిగా చేతకాదు. వెనక కాళ్లు తడబడతాయి. తిండి గిన్నె వైపు నాలుగడుగులు వేసి పక్కకు ఒరిగిపోతుంది, లేస్తుంది, మళ్లీ ఒరుగుతుంది. కొన్ని నెలలకు పక్షవాతం, ఆపైన చావు. మందు లేదు. బతికుండగా కచ్చితంగా తేల్చే పరీక్ష కూడా లేదు. చచ్చాక మెదడు, వెన్నుపాము కోసి చూడాల్సిందే.

ఇది వంశపారంపర్యంగా వస్తోందని నిపుణుల అనుమానం. గాలికుంటు వ్యాధి భయంతో అమెరికా 1991లో ఆఫ్రికా నుంచి వీటి దిగుమతి ఆపేసింది. అప్పటికే వచ్చిన వాటి సంతతినే అక్కడివాళ్లు తరతరాలుగా పెంచుకుంటూ వస్తున్నారు. బాధ్యత తెలిసిన పెంపకందారులు వంశవృక్షాలు రాసుకుంటారు, జబ్బు కనబడిన సంతతిని జతకట్టనివ్వరు. అలాంటి చోట కూడా పదింట ఒకటి అంటున్నారు. ఏ పిల్ల ఏ తల్లిదో తెలియని మన అంగళ్ల సంగతేమిటి?

కేంద్ర పర్యావరణ శాఖ 2020 జూన్‌లో విదేశీ జీవాల స్వచ్ఛంద వెల్లడికి అవకాశమిచ్చింది. 2022లో వన్యప్రాణి రక్షణ చట్టాన్ని సవరించారు. 2024 ఫిబ్రవరిలో నమోదు నిబంధనలు వచ్చాయి. జీవి ఎవరి దగ్గరుంది, ఎప్పుడు పిల్లల్ని పెట్టింది, ఎవరికి చేరింది, ఎప్పుడు చనిపోయింది... అన్నీ పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో చెప్పాలి. ఒక వంశంలో జబ్బును పట్టుకోవడానికి సరిగ్గా కావాల్సిన వివరాలివే. కానీ అవి సైటీస్ ఒప్పందం జాబితాల్లో ఉన్న జీవాలకే. పిగ్మీ హెడ్జ్‌హాగ్ అందులో లేదు!

అంతర్జాతీయ వ్యాపారం వల్ల జాతులు తుడిచిపెట్టుకుపోకుండా చూడటం సైటీస్ పని. ఏ జీవి ఇంట్లో పెంచుకోవడానికి పనికొస్తుందో చెప్పే జాబితా కాదది. ఆ జాబితాలో పేరు లేకపోవడాన్నే యోగ్యతా పత్రంగా చూపడం అమ్మేవాళ్లకు లాభమే, ప్రభుత్వానికేం లాభం?

శ్రద్ధగా సాకేవాళ్లు ఉంటారు, కాదనక్కర్లేదు. కానీ రాత్రంతా తిరిగే ఈ జీవికి 24 డిగ్రీలకు తగ్గని వెచ్చదనం కావాలి. చలి పెరిగితే ప్రాణాంతకమైన మగతలోకి జారుకుంటుంది. హైదరాబాద్‌లో డిసెంబరు, జనవరి రాత్రులు 15 డిగ్రీల కిందికి పడిపోవడం మామూలే. ఇక ఎండాకాలం ఏసీ 18లో పెట్టుకునే ఇళ్లుండనే ఉన్నాయి. చలికి తూలుతోందా, జబ్బుతో తూలుతోందా అన్నది చూడగానే చెప్పగల వైద్యులు ఎందరున్నారు?

మనుషుల ఆరోగ్యం మాటా ఉంది. పెంపుడు హెడ్జ్‌హాగుల వల్ల 2019లో అమెరికాలోని 23 రాష్ట్రాల్లో 54 మందికి సాల్మొనెల్లా సోకింది. వాటిని ముద్దు పెట్టుకోవద్దని అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ చెబితే చాలామందికి అది నవ్వులాటయింది. మరుసటేడు మళ్లీ 49 మంది. కాలిఫోర్నియా, హవాయి రాష్ట్రాలు వీటిని ఇళ్లలో పెంచుకోనివ్వవు.

బెల్జియం 2009 నుంచి తిరగేసిన పద్ధతి పాటిస్తోంది. ఏవి పెంచకూడదో కాదు, ఏవి పెంచవచ్చో చెబుతుంది. 42 రకాల క్షీరదాలతో జాబితా అమల్లోకి తెచ్చింది, మిగతా వాటికి ప్రత్యేక అనుమతి కావాలి. ఇక్కడ అంత సాహసం చేయకపోతే పోనీ. పోర్టల్ ఉంది, పుట్టుక నుంచి చావు దాకా ఫారాలున్నాయి. వాటిని సైటీస్ బయట ఉన్న విదేశీ జీవాలకూ వర్తింపజేయడానికి అడ్డేమిటి? పిల్లను అమ్మేవాడు దాని తల్లిదండ్రుల వివరాలు, అవి ఎలా చచ్చాయో కాగితం మీద చూపాలనడం అంత కష్టమా? ఇరవై రెండులో సవరణ చేసి, ఇరవై నాలుగులో నిబంధనలు రాసిన అధికారులకు ఈ పదింట ఒకటి అప్పుడు కనబడలేదంటే తెలియక అనుకోవచ్చు. ఇప్పటికీ కళ్లు మూసుకుంటే మాత్రం దాని పేరు నిర్లక్ష్యమే.