రైతు కోటాకు ర్యాంకు ఒక్కటే చాలదు

చిలకలూరిపేట పరిసర గ్రామాల్లో బై.పి.సి. చదివే రైతు బిడ్డలకు చేరువలోనే మంచి అవకాశం ఉంది. లాం కేంద్రంగా గల ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం బి.ఎస్సీ. అగ్రికల్చర్ సీట్లలో రైతు కోటా అమలు చేస్తోంది. బాపట్లలో 1945 నాటి వ్యవసాయ కళాశాల దానిదే.

అయితే ఈఏపీసెట్ ర్యాంకు ఒక్కటే చాలదు. కుటుంబానికి ఎకరానికి తగ్గని భూమి ఉండాలి. ఇంటర్ ముగిసేలోగా నాలుగేళ్లయినా మునిసిపాలిటీ వెలుపల చదివి ఉండాలి. ఒకటో తరగతి నుంచే పిల్లలను పేట బస్సెక్కించే తల్లిదండ్రులు ఇది గమనించాలి.

పరీక్షలో 160 ప్రశ్నలు. తప్పు జవాబుకు మార్కుల కోత లేదు కనుక ఏ ప్రశ్ననూ వదలరాదు. పాసుపుస్తకం, స్టడీ సర్టిఫికెట్లు కౌన్సెలింగునాడు వెతుక్కుంటే ఏం లాభం? ఇప్పుడే సిద్ధం చేసుకోవడం మేలు. కష్టపడి తెచ్చుకున్న ర్యాంకు కాగితం లేక వృథా కారాదు.