గది బుక్ చేసే ముందు లిట్మస్ పరీక్ష

విద్యార్థులారా! సెలవులు రాగానే ఇంటిల్లిపాదీ తిరుమల వెళ్దామనుకుంటారు. కొండమీద గది దొరకడం కష్టమని అందరికీ తెలుసు. పెద్దవాళ్లు ఫోను మీ చేతికిచ్చి, "కాస్త చూసిపెట్టరా", "నువ్వు చూడమ్మా" అంటారు. చాలా ఇళ్లలో జరిగేది ఇదే. అందుకే ఈ నాలుగు మాటలూ పెద్దలకు కాక మీకే చెబుతున్నాను.

వెతకగానే అన్నిటికంటే పైన ఒక పేజీ కనబడుతుంది. అందులో గోపురం బొమ్మ, శుభ్రమైన గది ఫోటోలు, ఒక వాట్సాప్ నంబరు ఉంటాయి. ఫోను చేస్తే అవతలి మనిషి ఎంతో మర్యాదగా మాట్లాడతాడు. "ఒక్క గదే మిగిలిందండీ. ఇంకో ఇద్దరు అడుగుతున్నారు. అరగంటలో అడ్వాన్సు పంపితే మీ పేరు రాస్తాను" అంటాడు. డబ్బు పంపగానే రసీదు కూడా వస్తుంది. తీరా కొండెక్కి ఆ రసీదు చూపిస్తే, అది దొంగ రసీదని తేలుతుంది! పసిపిల్లలతో, ముసలివాళ్లతో ఆ రాత్రి ఎక్కడ తల దాచుకోవాలి?

ఇది వట్టి ఊహ కాదు. కేంద్ర హోం మంత్రిత్వ శాఖకు చెందిన భారత సైబర్ నేరాల సమన్వయ కేంద్రం 2025 ఏప్రిల్‌లో ఇటువంటి మోసాల గురించే యాత్రికులను హెచ్చరించింది. కేదార్‌నాథ్ హెలికాప్టర్ టిక్కెట్లు, గెస్ట్‌హౌసులు, హోటల్ గదుల పేరుతో నకిలీ వెబ్‌సైట్లు పెడుతున్నారనీ, డబ్బిచ్చి సెర్చ్ పేజీలో ప్రకటనలు కూడా వేయిస్తున్నారనీ చెప్పింది. కాబట్టి పైన కనబడినంత మాత్రాన అది నిజమైనది కానక్కరలేదు.

చదువులేనివాళ్లే మోసపోతారని కొందరంటారు. నేను ఒప్పుకోను. పెద్ద చదువులు చదివినవారూ మోసపోతున్నారు. లోపం చదువులో లేదు, పరీక్షించే అలవాటు లేకపోవడంలో ఉంది.

ప్రయోగశాలలో ఒక సీసా మీద "ఆమ్లం" అని చీటీ అంటించి ఉందనుకోండి. దాన్ని చూసి ఊరుకుంటామా? నీలి లిట్మస్ ముంచి, అది ఎర్రబడితేనే నమ్ముతాం. ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఆ లిట్మస్ కాగితం సీసాతోపాటు రాలేదు, మనం తెచ్చుకున్నది. మోసగాడు పంపే ఫోటోలు, రసీదు, గుర్తింపు కార్డు, మెచ్చుకోలు మాటలు అన్నీ చీటీలే. సాక్ష్యం వేరే దారిన మనమే తెచ్చుకోవాలి.

మొదటి లిట్మస్ చిరునామా. వెబ్‌సైటు పేరులో మొదటి ఏటవాలు గీతకు ముందున్న భాగాన్ని కుడినుంచి ఎడమకు చదవండి. తిరుమల తిరుపతి దేవస్థానాల అసలు చిరునామా "టీటీదేవస్థానమ్స్ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్". చివర "డాట్ గవ్ డాట్ ఇన్" ప్రభుత్వ సంబంధమైన సంస్థలకే ఇస్తారు. "గవ్" అన్న మాట మధ్యలో ఎక్కడో ఇరికించి, చివర "డాట్ కామ్" పెట్టుకోవడానికి ఎవరైనా డబ్బు కట్టి పేరు కొనుక్కోవచ్చు.

చిరునామా పక్కన తాళంకప్ప గుర్తు ఉంది కదా అంటారా? మీరు పంపే సమాచారం దారిలో ఇతరులు చదవకుండా సంకేత రూపంలోకి మారుతుందని మాత్రమే దాని అర్థం. ఉత్తరానికి లక్క ముద్ర బాగానే వేశారు, కాని చేరేది దొంగ ఇంటికైతే ఏం లాభం?

రెండవది ఫోటో. ఫోటోనే ఇచ్చి వెతికే సౌకర్యం ఫోనులో ఉంది. అదే గది వేరే ఊరి హోటల్ పేరుతో కనబడితే ఇక ఆలోచించనక్కరలేదు.

మూడవది డబ్బు. సంస్థ పేరు చెప్పి, ఎవరో వ్యక్తి ఖాతాకు పంపమంటే ఆగిపోండి. "మీ డబ్బు తిరిగి ఇస్తాం, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అంటే అది రెండవ దోపిడీ. యూపీఐ పిన్ డబ్బు పంపేటప్పుడు వాడేది. డబ్బు అందుకోవడానికి దాని అవసరం ఎన్నడూ ఉండదు.

అయినా పొరపాటు జరిగితే ఇంట్లో ఎవరినీ దెప్పకండి. సిగ్గుపడి దాచితే లాభం దొంగకే. డబ్బు నిమిషాల్లో ఒక ఖాతానుంచి మరో ఖాతాకు పోతుంది. వెంటనే 1930కి ఫోను చేస్తే దారిలోనే ఆపించే అవకాశం ఉంటుంది.

శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవడం పౌరుని విధి అని 1976లో మన రాజ్యాంగంలో చేర్చుకున్నాం. అది పరీక్షలో మార్కుల కోసం రాసే వాక్యం కాదు. ఈసారి ఫోను మీ చేతికిచ్చి, "తొందరగా పంపెయ్" అన్నప్పుడు, "ఒక్క పది నిమిషాలు ఆగండి నాన్నా, పరీక్షించి చెబుతాను" అనగలిగితే చాలు. మీరు సైన్సు చదువుకున్నట్టే!