అట్ట గీసినవాడు, పాట రాసినవాడు

రికార్డు మీది అట్ట సరుకును చుట్టే కాగితమేననీ, దాన్ని గురించి విమర్శకుడు మాట్లాడటం కాలయాపన అనీ మన మిత్రులు కొందరు వాదిస్తున్నారు. ఇది శ్రమను చూడ నిరాకరించే వాదం.

అమెరికా నల్లవారి ఫంక్ బృందం ఫంకడెలిక్‌నే తీసుకోండి. 1978 నాటి 'వన్ నేషన్ అండర్ ఎ గ్రూవ్' దానికి తొలి ప్లాటినం రికార్డు. భూగోళంపై జెండా పాతే నల్లవారిని ఆ అట్టమీద గీసినవాడు షికాగో చిత్రకారుడు పెడ్రో బెల్. 1973 నుంచీ ఆ సంగీతానికి కంటికి కనిపించే రూపం ఇచ్చినవాడూ అతడే. చివరికి చూపు దెబ్బతిని, పేదరికం అనుభవించి, 2019లో మరణించాడు.

ఇది పరదేశపు అన్యాయమని నిట్టూర్చి ఊరుకుందామా? 1979 నాటి 'మా భూమి' చిత్రంలో గద్దర్ పాడిన 'బండెనక బండి కట్టి' రాసినవాడు సాయుధ పోరాట కాలపు బండి యాదగిరి. సూర్యాపేటలో, కోదాడలో, మిర్యాలగూడలో అడిగి చూడండి: "గద్దర్ పాట" అనేవారే ఎక్కువ. ఇందులో గద్దర్ దోషమేమీ లేదు. దోషం విని ఊరుకున్న మనది.

వెట్టిని ఎదిరించి పుట్టిన పాటను రాసినవానిచేత మనమే వెట్టి చేయిస్తామా? పాడేముందు రాసినవాని పేరు చెప్పండి. అట్ట అచ్చువేస్తే గీసినవాని పేరు వేయండి. అభ్యుదయం అక్కడ మొదలవుతుంది.