గెడ్‌ను వెంటాడిన నీడ

‘ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’ 1968లో అమెరికాలో బర్క్‌లీలోని పర్నాసస్ ప్రెస్ ప్రచురించిన నవల. రచయిత్రి అర్సులా కె. లె గ్విన్. ఎదిగే వయసు పిల్లల కోసం పుస్తకం రాయమని ప్రచురణకర్త అడిగితే, 1964లో అచ్చయిన తన రెండు చిన్న కథల్లోని దీవులనే ఆమె మళ్లీ తీసుకుంది. 2001 దాకా ఆ దీవుల మీద ఇంకో నాలుగు నవలలు, ఒక కథల సంపుటి వచ్చాయి. అయినా ఈ ఒక్కటి చదివి ఆపేసిన పాఠకుడికి కథ సగంలో తెగిన వెలితి ఉండదు. వరుస నవలల్లో మొదటిదానికి ఇది అరుదైన గుణం.

గోంట్ దీవిలో ఒక కంచరికి పుట్టిన, తల్లి లేని కుర్రాడు గెడ్. మేకలు కాస్తూ, తల్లి సోదరి దగ్గర మొదటి మంత్రాలు నేర్చుకుంటాడు. ఆ తర్వాత ఓజియన్ అనే మౌని శిష్యుడై, ఆ నెమ్మదితనం భరించలేక రోక్ దీవిలోని మాంత్రికుల పాఠశాలకు వెళతాడు. హ్యారీ పాటర్ రావడానికి 29 ఏళ్ల ముందే ఫాంటసీలో కట్టిన బడి అది. అక్కడి చదువులో ఎక్కువ భాగం పేర్లు వల్లె వేయడమే. సముద్రాన్ని వశం చేసుకోవాలంటే అందులోని ప్రతి నీటిబొట్టు పేరూ తెలిసి ఉండాలి. మాయల ఫకీరు ప్రాణం చిలకలో ఉన్నట్టు, ఈ లోకంలో మనిషి ప్రాణం అతని అసలు పేరులో ఉంటుంది. అందుకే దాన్ని నమ్మిన స్నేహితుడికి తప్ప చెప్పరు. మంత్రశక్తికి ఇంత కచ్చితమైన హద్దు గీసిన రచనలు తక్కువ.

తోటి విద్యార్థి జాస్పర్ ఎగతాళికి రోషం వచ్చి గెడ్ చచ్చిపోయినవారి లోకం నుంచి ఒక ఆత్మను పిలుస్తాడు. రెండు లోకాల మధ్య ఏర్పడిన చీలికలోంచి ఒక నీడ దూకి అతని ముఖం చీల్చేస్తుంది. ఆ చీలికను మూయడానికి వృద్ధ గురువు నెమ్మర్లే ప్రాణమే ఇస్తాడు. నవలలో దుష్టరాజు లేడు, మహాయుద్ధం లేదు. పంతొమ్మిదేళ్లు నిండని కుర్రాడి గర్వం చాలు. అన్నిటికంటే గుండె పిండే ఘట్టం లో టోర్నింగ్ అనే ఊళ్లో వస్తుంది. పడవలు కట్టే మిత్రుడి బిడ్డ చనిపోతుంటే, ఆపడానికి గెడ్ మృత్యులోకపు చీకటి వాలులో ఆ పసివాడి వెంట పరుగెడతాడు. బిడ్డ దక్కడు. తిరిగొచ్చే దారిలో చిన్న రాతిగోడ అవతల నీడ కాచుకుని ఉంటుంది. మంచితనంతో చేసిన పనిలోనూ అతను హద్దు మరిచాడని లె గ్విన్ ఒక్క వ్యాఖ్య లేకుండా చూపింది.

అలాంటివాడే పెండోర్ దీవిలో డ్రాగన్ ఎదుట నిలబడి, నీడ పేరు చెబుతానన్న బేరం కాదని, దీవుల వారి క్షేమం కోసం దానిచేత ప్రమాణం చేయిస్తాడు. చివరికి పారిపోవడం మాని నీడనే వేటాడతాడు. దిక్కు తెలియని సముద్రంలో దాన్ని పట్టుకుని తన పేరుతోనే పిలుస్తాడు. ఇక్కడ గెలుపూ లేదు, ఓటమీ లేదు. మనిషి మళ్లీ నిండుగా ఒకటవుతాడు. ఇంత సూటిగా, ఇంత తక్కువ మాటల్లో ముగియడం ఈ నవలకున్న గొప్ప బలం.

గెడ్‌ది ఎరుపు కలిసిన గోధుమ వర్ణం, స్నేహితుడు వెచ్ నల్లనివాడు, దండెత్తి వచ్చే కార్గులు తెల్లవారు. 1968లో ఇది తెగువ. అయితే 2004 టీవీ రూపంలో గెడ్‌గా తెల్లని నటుణ్ని పెట్టారు. లె గ్విన్ బహిరంగంగా నిరసించింది. ఆ నిరసన న్యాయమైనది.

లోపమూ ఉంది. రోక్ బడిలో ఆడపిల్లకు చోటు లేదు. స్త్రీల మంత్రవిద్యను చులకన చేసే సామెతలను నవల ప్రశ్నించదు. 1990లో ఇదే వరుసలో ‘తెహాను’ రాసినప్పుడు రచయిత్రి ఈ వెలితిని తానే సరిదిద్దుకుంది. మొదటి నవలలో మాత్రం వెచ్ చెల్లెలు యారో, మంత్రాల గురించి అందరికంటే తెలివైన ప్రశ్నలు అడిగినా, నీడను వెతుకుతూ గెడ్, వెచ్ పడవలో బయల్దేరినప్పుడు ఒడ్డునే ఉండిపోతుంది. వాళ్లు తిరిగొచ్చినప్పుడు ఆనందంతో ఏడుస్తూ ఎదురు పరుగెత్తడమే ఆమెకు మిగిలిన పాత్ర.